నరసింగరావు మేష్టారి రెండు చుక్కలు

విజయనగరంలో నరసింగరావు మేష్టారిని దారి అడగడమంత బుద్ధితక్కువ పని మరొకటి లేదు. ఆయన నోట పూర్తి చిరునామా విన్నవాళ్లు ఊళ్లో లేరు. ముందు మనమెక్కడున్నామో చెప్పాలి.

“సార్, పార్సిల్. మీ ఇల్లెక్కడ?”

“నువ్వెక్కడ నిలబడ్డావు?”

“కోట దగ్గర.”

“ఏ పక్కకి మొహమెట్టి?”

పావుగంటకి పార్సిల్ వచ్చిన దారినే పోతుంది. ఆయన భార్య పద్మకుమారి కుక్కర్ గ్యాస్కెట్ కోసం మూడు వారాలుగా కళ్లు కాయలు కాసేలా చూస్తోందని కాలేజీ ల్యాబంతటికీ తెలుసు.

ఆ చిప్ డిజైన్ ల్యాబులోనే, ఆయన దగ్గర చదివే శైలజకి ఈ పిచ్చి ప్రాణం మీదికొచ్చింది. ఏ ఫైలు ఎక్కడుందో చిప్ టూల్‌కి, అంటే డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి, వరసగా చెప్పే స్క్రిప్టు ఆమే రాసింది. డి డ్రైవ్ నుంచి తన పేరున్న ఫోల్డర్ దాకా ప్రతి ఫైలుకీ పూర్తి దారి ఇచ్చింది. తన ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది. అయినా మేష్టారు రికార్డుని మూడుసార్లు తిప్పికొట్టారు. రేపే ఫైనల్ రివ్యూ. సంతకం లేకపోతే ఆమెకీ, ప్రాజెక్టులో జోడీ అయిన దేవికీ ఈ ఏడు గట్టెక్కడం కల్ల.

“ఏటమ్మా ఇది? నీ ఇంటి అడ్రసు రాసినావేటి? రెండు సుక్కలెట్టు.”

రెండు చుక్కలంటే, ఉన్న చోటు నుంచి ఒక ఫోల్డర్ పైకెక్కమని టూల్‌కి చెప్పడం.

“నడుస్తంది కద సార్!”

“నువ్వున్న కాడ నడుస్తాది. దేవి కుర్సీలో నడిపించు, సంతకమెడతాను.”

చుక్కల జబ్బు మనిషని పళ్లు నూరుకుంటూ శైలజ దేవి ల్యాబ్ కంప్యూటర్ ముందు కూలబడి స్క్రిప్టు నడిపింది. తెరంతా ఎర్రగా వరసలు. శైలజ పేరున్న ఫోల్డరే అందులో లేదు, ఒక్క ఫైలూ దొరకలేదట.

“ఒసే దేవీ, ఇదేటే?”

శ్రీకూర్మం అవతల సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చే దేవి తల దించుకుంది. “మొదట్నుంచీ అంతేనే. నాకు లేప్‌టాప్ లేదు, ఇక్కడేమో తెరుసుకోదు. నీ దాన్లో సూసి రాసుకుంటన్నాను.”

“మేష్టారికి తెలుసేటి?”

“మొదటి వారమే సూసేసినారు. ఎవరికీ సెప్పనన్నారు.”

శైలజకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మూడు నెలలు ఆయన్ని నానా మాటలూ తిట్టుకుంది. గబగబా నలభై వరసల్లోనూ రెండు చుక్కలు పెట్టింది. నడిపిస్తే మళ్లీ ఎరుపే!

“ఒసే, టూల్ ఏ ఫోల్డర్లోంచి తెరిసినావే? ఎక్కడ నిలబడ్డావు?” అనేసి నాలిక కరుచుకుంది.

“డెస్క్‌టాప్ కాడ.”

ఈసారి ప్రాజెక్టు ఫోల్డర్లోంచి తెరిచి, దేవి తన కుర్చీలో కూర్చుని తన చేత్తోనే మీట నొక్కింది. మొత్తం నడిచింది. దేవి కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

మేష్టారు సంతకం గీకారు.

“మొదటే సెప్పొచ్చు కద సార్!”

“సెప్తే జాలి పడతావు. ఆ పిల్లకి జాలేటికమ్మా? రెండు సుక్కలు సాలు.”

మర్నాడు రివ్యూ గట్టెక్కాక, సాయంత్రం శైలజ ఆయనకి ఫోన్ చేసింది.

“సార్, మీ ఇల్లెక్కడ?”

“ముందు నువ్వెక్కడున్నావో సెప్పు.”

“మీ వెనకే ఉన్నాం సార్. మీరు నడవండి, మేం వస్తాం.”

మేష్టారు కాలేజీ గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగారు. దేవి చేతిలో కొత్త కుక్కర్ గ్యాస్కెట్ ఉంది.