తోడు కడిగేసిన కోడలు

మా మామగారు తోర్‌గేర్‌కి వోస్ కొండల్లో అందరికంటే మంచి బీరు కాస్తారని పేరు. అందరికంటే చెడ్డ నోరని కూడా పేరు. నేను మొదటిసారి బీరు కాచిన రోజు, "అన్నీ సలసల కాగే నీళ్లతో కడుగు, మురికుంటే బీరు పాడైపోద్ది" అన్నారు. పీపా కడిగాను, గరిటెలు కడిగాను. గోడకి వేలాడుతున్న, గార పట్టిన చెక్కపూసల దండని కూడా తెల్లగా తోమేశాను.

ఆ గారే వాళ్ల ముత్తాతల నాటి ఈస్ట్. పాలకి తోడేసినట్టు బీరుకి వేసేది దాన్నే!

"కళ్లున్నాయా, కాకులెత్తుకెళ్లాయా? మా వంశాన్నే కాలవలో పోశావు కదే!" అని మధ్యాహ్నం దాకా తిట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. పళ్లు బిగబట్టి, పక్కింటి సిగ్రిద్‌ని అడిగి ఆవిడ తోడు తెచ్చాను.

తోడు వేస్తూ అరవాలి. ఎంత కోపంగా అరిస్తే బీరు అంత ఘాటుగా వస్తుందని మావాళ్ల నమ్మకం. నేనేదో అరిచాననిపించాను.

"పిల్లికూతలేంటే? గట్టిగా అరువ్!"

"అన్నీ కడగమన్నది నువ్వే కదయ్యా, ముసలోడా!"

కొండలు మారుమోగాయి. సాయంత్రానికే బీరు పొంగి పీపా మూతని తన్నేసింది.