దింపు సత్యం కంటి మూతలు

అప్పనపల్లి దగ్గర కొబ్బరి దింపు తీసే సత్యానికి ఎంత ఎత్తు చెట్టన్నా లెక్కలేదు. పెద్దమనిషికి కాదని చెప్పాలంటే మాత్రం ప్రాణం మీదకొస్తుంది.

అతని కళ్ళజోడు చెట్టు మీంచి జారి పంటబోదె నీళ్ళలో పడని రోజు లేదు. అది పడితే అందుకోడానికి భార్య వీరమ్మ కింద కొంగు చాపి నిలబడేది. ఇది చూడలేక తోట ఆసామి ప్రకాశరావుగారు, "కళ్ళకి లేజరు చేయించేసుకోవోయ్!" అని తనే దగ్గరుండి అమలాపురం తీసుకెళ్ళి ఆ పని చేయించారు.

"నల్లగుడ్డు మీద పొర మళ్ళీ పెరగాలి. అప్పటిదాకా చూపు మసగ్గానే ఉంటుంది, చెట్లెక్కకు. నిద్రలో నలపకుండా ఇవి పెట్టుకో" అని డాక్టరు కళ్ళ మీద పెట్టుకునే చిల్లుల ప్లాస్టిక్ మూతలు ఇచ్చాడు. నిద్రలో అన్న మాట వీరమ్మకి చాలలేదు. మెలకువలో మాత్రం నలపడని నమ్మకమేమిటి? పగలు కూడా మూతలు టేపుతో అంటించేసి, పైన నల్లద్దాలు తగిలించింది. పాపం సత్యం, గోడలు తడుముకుంటూ తిరిగాడు.

ప్రకాశరావుగారు పరామర్శకి వచ్చారు.

"చూపెలా ఉందోయ్?"

"ఆయ్, అద్దంలా ఉందండి!"

దగ్గరుండి చేయించిన మనిషి మొహం మీద మసగ్గా ఉందని ఎలా అంటాడు? ఆ మొహం కనబడలేదనుకోండి, అది వేరే సంగతి.

"అయితే రేపే మన తోట దింపు."

"ఆయ్."

ఆయన గుమ్మం దాటగానే వీరమ్మ, "పడి చస్తావయ్యా! నిజం చెప్పెయ్యి" అంది.

"చెబుతాను. మర్యాదగా చెప్పాలి కదే."

మర్నాడు తోటలో ఎండకి మూతల కింద కళ్ళు ధారలు కట్టాయి. ఎదురుగా తెల్లగా, నిటారుగా ఒక ఆకారం కనబడింది. ప్రకాశరావుగారి పంచె అనుకున్నాడు సత్యం. అది సున్నం కొట్టిన కొబ్బరిచెట్టు మొదలు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తమరేవీ అనుకోకండి. నాకేవీ కనపడ్డం లేదండి. ఎక్కితే పడిపోతానండి. బయవేస్తందండి."

వెనకే వస్తున్న ప్రకాశరావుగారు ఆ మాటలు విని ఆగిపోయారు. ఎంత పని చేయబోయాను అని సిగ్గుపడ్డారు. నేనిక్కడున్నానోయ్ అనడానికి నోరు తెరిచారు గానీ, అంత కష్టపడి చెప్పుకున్నవాణ్ణి చిన్నబుచ్చడానికి మనసొప్పలేదు. పంచె ఎగ్గట్టుకుని, ఎండుమట్టలు చప్పుడవకుండా దాటుకుంటూ వెళ్ళి చెట్టు వెనక నక్కారు.

"దానికేం భాగ్యం సత్యం! కళ్ళు కుదురుకున్నాకే ఎక్కుదువుగాని."

"ఆయ్, చల్లగా ఉండండి బాబూ!" అని సత్యం చెట్టుకి వంగి దణ్ణం పెట్టాడు.