ఆషాఢంలో బావ తీసేసిన ఫైళ్లు

మా చిన్నప్పుడు... ఆషాఢం వచ్చిందంటే బెల్లంపల్లిలో మా బాపు ప్రెస్సులో ఊపిరి సలిపేది కాదు. శ్రావణం పెళ్ళిళ్ళ కార్డులన్నీ అప్పుడే అచ్చు కావాలి. తొంభైల చివర్లో బాపు సీసపు అక్షరాలు అమ్మేసి కంప్యూటర్ కొన్నాడు. దాని మీద తెలుగు కొట్టడం మా అక్క ఒక్కదానికే వచ్చు.

ఆ ఏడే అక్కకు పెళ్ళయింది. కొత్త కోడలు ఆషాఢంలో పుట్టింట్లో ఉండాలి కదా... అలా వచ్చింది. శ్రావణంలో అత్తారింటికి వెళ్ళాక ఈ పని మానెయ్యాలని వాళ్ళు ముందే చెప్పారు. బాపు సరేనన్నాడు. బావ తన పని చూస్తే మనసు మారుతుందేమోనని అక్క ఆశ. ఆ మాట నాతో ఒక్కదానితోనే చెప్పింది.

ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదంటారు. బావకేమో అక్కను చూడకుండా నిలవబుద్ధి కాదు! ప్రెస్సు అర్రకు వీధివైపు వేరే దర్వాజ ఉంది. కార్డుల పని ఉన్నట్టు అటునుంచి వచ్చేవాడు. మా అవ్వ, అంటే అమ్మ, లోపలి తలుపు వెనకాల నిలబడి నా చేత చాయ్ పంపేది.

ఒకరోజు అక్క అన్నానికి లోపలికి వెళ్ళింది. బావ కంప్యూటర్ ముందు కూర్చుని, "గీ పనికిరాని ఫైళ్లన్ని ఎందుకే? జర జాగ ఖాళీ చేస్త" అని నాతో అంటూ, పేరు తెలియనివన్నీ తీసేశాడు. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే నల్లటి తెర... ఫలానా ఫైలు లేదని ఒక వాక్యం, అంతే.

బాపు ముఖం పాలిపోయింది. కానీ కొత్త అల్లుణ్ణి ఎవరేమంటారు?

"కరెంటుతోటి అయ్యుంటది. మీరు పరేషాన్ కాకుండ్రి" అన్నాడు బాపు.

తలుపు వెనకనుంచి అవ్వ కూడా, "ఔ, గీ కరెంటు ఎప్పుడు గంతే!" అంది. ఆ పొద్దంతా కరెంటు పోనేలేదు.

అక్క వచ్చి చూసింది. "జర జరుగుండ్రి" అని బావను లేపి, విండోస్ ఫ్లాపీల కట్ట ముందేసుకుంది. పాడైన ఫైళ్లే మళ్ళీ వెయ్యాలా, అన్నీ వెయ్యాలా అని కంప్యూటర్ అడిగితే, పాడైనవే అని నొక్కింది. ఒక్కో ఫ్లాపీ పెడుతూ, తీస్తూ... మధ్యలో ఒకటి మొండికేసింది. దాన్ని తీసి, రేకు జరిపి, మెల్లగా ఊది మళ్ళీ పెట్టింది. గర్రుమని పని ముందుకు కదిలింది. ఎట్టకేలకు అంతా మామూలయ్యింది. కార్డులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"నీకు గింత పని వచ్చని నాకు తెల్వనే తెల్వదు" అన్నాడు బావ. నిజంగానే మెచ్చుకున్నాడు. అక్క ముఖంలో సంతోషం చూసి, ఇక పని మానమనడులే అనుకున్నాను.

శ్రావణం వచ్చింది. బావ ఈసారి పెద్ద దర్వాజలోంచే వచ్చి అక్కను తీసుకెళ్ళాడు. పని సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్క మళ్ళీ కీబోర్డు ముట్టలేదు. బావ చెడ్డవాడేం కాదు... అందుకే నాకు ఇంకా కోపం. పని మానకు అని ఒక్క మాట అంటే సరిపోయేది కదా!

మొన్న అక్కనే అడిగాను, "నువ్వన్న చెప్పకపోయినవా, పని చేస్తనని?"

"వాళ్ళే అడుగుతరేమోనని చూసిన" అంది అక్క.

ఇప్పటి ఆడపిల్లలు పెళ్ళిచూపుల్లోనే తేల్చి చెబుతున్నారు, ఉద్యోగం మాననని... వింటుంటే కడుపు నిండినట్టుంటుంది. మీ ఇళ్ళలోనూ పని వచ్చి మానేసిన అక్కో, చిన్నమ్మో ఉంటే, ఆమెకు ఏం పని వచ్చేదో ఇక్కడ రాయండి... ఇన్నాళ్ళకు మనమైనా అడిగినట్టుంటుంది.