తలకిందులైన తెర

ఇంజనీరింగ్ చివరి ఏడాది, ప్రాజెక్టు చూపించాల్సిన రోజు పొద్దున సూర్యాపేటలో మా అమ్మ దుమ్ముందని నా లాప్‌టాప్ కీలను గుడ్డతో తుడిచింది. తెర మీద బొమ్మంతా తలకిందులైంది. ఆపి మళ్లీ వేసినా అంతే.

"నా వల్లనే ఖరాబైందా బిడ్డా?" అని అమ్మ అడుగుతుంటే జవాబు చెప్పకుండానే కోదాడ బస్సెక్కాను. దారంతా దాన్ని తెరవడం, చూడడం, మూయడం.

కాలేజీ మెట్ల మీద నా స్నేహితురాలు తెర చూసి, "పరేషాన్ గాకు. కంట్రోల్, ఆల్ట్ కలిపి పట్టుకొని పైబాణం నొక్కు," అంది. నొక్కాను. బొమ్మ సరిగ్గా తిరిగింది.

లోపలికి పిలిచేలోపే ఇంటికి ఫోన్ చేసి, "మంచిగైందమ్మా," అన్నాను.



"గట్లనా. అయితే ఇగ అన్నం తింట," అంది అమ్మ.