బందు రోజు గౌహతి టికెట్

తెలంగాణ ఉద్యమం రోజుల్లో హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో నాకో విమాన టికెట్ల దుకాణం ఉండేది. దేశంలోని విమానాశ్రయాలన్నీ నా అరచేతిలో ఉన్నాయని కాస్త పొగరు కూడా ఉండేది. ఆకాశంలో ఒక దారి మూసుకుంటే ఇంకోటి వెతకడం నాకు వృత్తీ, సరదా కూడా.

ఒక బందు రోజు పొద్దున్నే పక్క చీరల కొట్టాయన వచ్చాడు. పోచంపల్లి మగ్గాల ఇంటి మనిషి. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు, ఆ రోజు నవ్వలేదు. గౌహతిలో కాపురముంటున్న కూతురికి మర్నాడు గుండె ఆపరేషన్. నేను తీసిచ్చిన ఢిల్లీ విమానం పొగమంచు వల్ల రద్దయింది.

"పొద్దుగాల్నే లోపటికి తీస్కపోతరంట సార్. గంతకుముందు బిడ్డను ఒక్కసారి జూడాలె."

"నేనున్నానుగా, కంగారుపడకండి" అన్నాను. ఢిల్లీ ఆగితే దేశంలో సగం విమానాలు తడబడతాయి, నిజమే. కానీ అన్ని దారులూ ఢిల్లీ మీదుగానే పోవు. చెన్నై, అక్కణ్ణుంచి కోల్‌కతా, అక్కణ్ణుంచి గౌహతి. పది నిమిషాల్లో టికెట్ చేతిలో పెట్టాను. మూడు ఊళ్ల వాతావరణమూ చూశాను. చూడనిది మా రోడ్డొక్కటే. బస్సు లేదు, ఆటో లేదు.

సిగ్గుపడి నా స్కూటరే తీశాను. దారిలో ఆపేవాళ్లకు కనబడేలా టికెట్ కాగితం హెడ్‌లైటు మీద అంటించాను. ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. నిరసనకు వచ్చినవాళ్లు నడిరోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే బంతులు తీరి తింటున్నారు. నోరు తెరిస్తే నా కోస్తా యాస బయటపడుతుందని భయం. తీరా చూస్తే చీరల కొట్టాయన 'నా బిడ్డ, నా బిడ్డ' అంటూ దండాలే పెడుతున్నాడు.

"వీరి అమ్మాయికి రేపు ఆపరేషనండి. విమానం అందుకోవాలండి" అన్నాను.

గరిటె పట్టుకున్న పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూశాడు. "ఆంధ్రా సారు మన బిడ్డ కోసం పరేషాన్ అయితుండు" అని నవ్వాడు. "రింగ్ రోడ్డు మొత్తం బందుంది. కర్మన్‌ఘాట్ గల్లీలకెల్లి పోండ్రి. చంపాపేటల మనోళ్లుంటరు, ఫోన్ చేస్త." కదలబోతుంటే పులిహోర పొట్లం చేతిలో పెట్టాడు.

చంపాపేటలో వాళ్లకు మా స్కూటర్ నంబరు ముందే తెలుసు. వాళ్లు చాంద్రాయణగుట్టకు ఫోన్ చేశారు, అక్కడివాళ్లు ఆరాంఘర్‌కు. ప్రతిచోటా అడ్డం కట్టిన తాళ్లు పక్కకు జరిగాయి. దారులు ఆపడం తెలిసినవాళ్లకు మనిషిని దాటించడమూ తెలుసు. నా పొగరంతా దిగిపోయింది, చిత్రంగా హాయిగానే అనిపించింది.

ఆపరేషన్ బాగా జరిగిందని మర్నాడు సాయంత్రం కబురు వచ్చింది. కానీ నాకు గుర్తుండిపోయింది ఆపరేషన్‌కు ముందు, అదే రోజు పొద్దున వచ్చిన ఫోన్. మాట్లాడింది కూతురు.

"సార్, నర్సమ్మ తీస్కపోనీకి ఒచ్చి నిలవడ్డది. నాయిన నా చెయ్యి ఇడుస్తలేడు. జర మీరన్న చెప్పుండ్రి."