పదిమందికీ పంపండి

వీధి చివరి టైలరు ఒంటిమీద సూది లేని చోటు వెతకాలి. కాలరు నిండా సూదులు, పళ్ల మధ్య గుండుసూదులు, మాటలు వాటి సందులోంచే రావాలి. కాలితో మిషను తొక్కుతూ, చేత్తో ఫోను నొక్కుతూ, టీకాల మీద వచ్చిన ప్రతి పుకారునీ చుట్టాల గ్రూపులోకి తోస్తాడు. చివర "పదిమందికీ పంపండి" అన్నది మాత్రం సొంత కవిత్వం.

"పసిపిల్లకి సూదులేంటే, పాపం!" అంటూ కూతురి టీకా దాటవేస్తూ వచ్చాడు. పక్కవీధిలో తట్టు మొదలైందని తెలిశాక భార్య ఆగలేదు. "నర్సమ్మ జాకెట్టు కొలతలకి రమ్మంది" అని చెప్పి, పాపతో సహా అతన్ని ఆరోగ్య కేంద్రానికి లాక్కెళ్లింది. మెడలో టేపుతో వెళ్లినవాడు సిరంజి చూసి కొయ్యబారిపోయాడు.

"పాపని ఒళ్లో గట్టిగా పట్టుకో నాయనా," అంది నర్సు. సూది దిగింది పాప తొడలో.

"అమ్మో! చచ్చాన్రోయ్!" అని గావుకేక పెట్టింది మాత్రం తండ్రి.

ఏడవబోయిన పాప అతని మొహం చూసి కిలకిలా నవ్వింది. భార్య ఫోనులో అంతా పడింది. సాయంత్రానికల్లా ఆరోగ్య కేంద్రం పేజీలో ఆమె పంపిన ఆ వీడియో: "మా పాపకి భయం లేదు. మరి మీకో?"

మర్నాడు మిషను తొక్కుతూ ఫోను తెరిచాడు. చుట్టాల గ్రూపులో అదే వీడియో, కింద అత్తగారి మాట: "అల్లుడుగారూ, మీరు చెప్పినట్టే పదిమందికీ పంపాను."