కిటికీలో అరగంట

తురిమిన బంగాళదుంప, ఉల్లిపాయ కలిపి నూనెలో వేసిన వాసన తగిలితే చాలు, నా ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. నిన్న సాయంత్రం మా మనవరాలు ఎక్కడో నేర్చుకొచ్చి ఆ అట్లు వేస్తుంటే, స్టవ్ పక్కకి కుర్చీ లాక్కుని చెప్పాను. "మీ తాత ఒకప్పుడు పెద్ద పికప్ ట్రక్కును ఈ వీధిలోంచి తరిమేశాడు. చేతిలో కర్ర కూడా లేదు." అట్టు తిరగేస్తూ "రియల్లీ, తాతా?" అంది. రియల్లీయే. కాస్త సాగదీసిన రియల్లీ. ఎంత సాగిందో మీకే తెలుస్తుంది. ఈ కథలో నాకంటే ముందు చెప్పుకోవలసిన మనిషి మా పక్కింటి ఎస్తేర్ గారు.

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేం ఇల్లు కొన్ననాటికే ఆవిడకు డెబ్బై దాటాయి. కార్ల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు డ్రాయింగులు గీసి రిటైరయ్యారు. గీత వెంట్రుకవాసి పక్కకు పోయినా ఒప్పుకోని చెయ్యి. మంచు పడ్డ రోజున నేను ఆవిడ ఇంటి ముందు కారుదారి మీది మంచు కూడా ఎత్తిపెడితే, థాంక్స్ చెప్పి, "ఎడమ అంచు వంకరగా వచ్చింది, రావ్" అనేవారు. నేను మళ్ళీ పార తీసుకుని అంచు సరిచేసేవాణ్ణి. మా ఆఫీసులో ఏ మేనేజరూ నాచేత అలా పని చేయించలేకపోయాడు.

ఎస్తేర్ గారు యూదులు. చలికాలం మొదట్లో, ఆ బంగాళదుంప అట్లు వేసుకునే వాళ్ళ హనుక్కా పండగ వచ్చేది. పూర్వం ఒక రాజు మీ దేవుణ్ణి కొలవకూడదని ఆజ్ఞ వేస్తే, యూదులు తిరగబడి గుడిని మళ్ళీ దక్కించుకున్నారు. గుడిలో ఒక్కరోజుకు సరిపడా దొరికిన నూనె ఎనిమిది రోజులు వెలిగిందట. అందుకని ఎనిమిది సాయంత్రాలు, మొదటిరోజు ఒకటి, రెండోరోజు రెండు, అలా పెంచుకుంటూ సన్న కొవ్వొత్తులు వెలిగిస్తారు. వెలిగించడానికి వాడే కొవ్వొత్తికి కాస్త ఎత్తులో వేరే చోటు ఉంటుంది. చీకటి పడ్డాక కనీసం అరగంట వెలగాలి. వీధిలో పోయేవాళ్ళకు కనబడాలి కాబట్టి కిటికీలో పెట్టాలి. ఒకసారి నేను ఆ వెలుగులో మందు సీసా మీది అక్షరాలు చదవబోతే ఆవిడ సీసా లాక్కున్నారు. "ఈ వెలుగుతో ఏ పనీ చేసుకోకూడదు. ఇది చూడ్డానికి, చూపించడానికి. చదువుకోవాలంటే స్విచ్ అక్కడుంది."

ఇక ఆ ఏడాది సంగతి. అక్టోబరులో ఒక షాపు పార్కింగ్‌లో నేనూ మా ఆవిడ జానకీ తెలుగులో మాట్లాడుకుంటుంటే, ఎవడో కారు అద్దం దించి, మీ దేశానికి పొండి అని అరిచాడు. అంతే జరిగింది. కానీ ఆ కార్తీకంలో గుమ్మం ముందు పెట్టే దీపాలను నేను వంటింట్లోకి మార్చేశాను. జానకి ఆ రాత్రి గిన్నెలు చప్పుడయ్యేలా తోమింది. అది ఆవిడ తిట్టే పద్ధతి.

డిసెంబరులో ఎస్తేర్ గారు మొదటి కొవ్వొత్తి వెలిగించిన సాయంత్రం, ఒక పికప్ ట్రక్కు ఆవిడ ఇంటి ఎదురుగా ఆగి, హెడ్‌లైట్లు కిటికీ మీదికి వేసి, ఆపకుండా హారన్ కొట్టింది. రెండో సాయంత్రం మళ్ళీ వచ్చింది. పోలీసులకు ఫోన్ చేస్తే బండి నంబర్ చెప్పమన్నారు. ఆ లైట్లకు ఎదురుగా నంబర్ ఎవరికి కనబడుతుంది? ఎక్కడో దూరాన సన్నీవేల్‌లో ఉండే ఆవిడ కొడుకు నాకు ఫోన్ చేశాడు. "మిస్టర్ రావ్, అమ్మ నా మాట వినదు. ఆ కొవ్వొత్తులు లోపలికి పెట్టించండి." నేను ఫోన్‌లో వాళ్ళ నియమాలన్నీ వెతికి, పాయింటు దొరికిన ప్లీడరులా మూడో సాయంత్రం వెళ్ళాను.

"మీ శాస్త్రంలోనే ఉంది, ఎస్తేర్ గారూ. ప్రమాదం ఉన్న కాలంలో కిటికీ అక్కర్లేదు, బల్ల మీద పెట్టుకుంటే చాలు."

అప్పటికే మూడూ వెలిగించి కిటికీ పక్కన కూర్చున్నారు. "బాగా చదివావు. నిజమే. మా అమ్మ చిన్నప్పుడు, ఈ దేశం రాకముందు, అలాగే వెలిగించింది, కిటికీకి దుప్పటి కట్టి. అక్కడ తలుపు అవతల సైనికులు ఉండేవాళ్ళు. ఇక్కడేముంది, హారన్."

"వాడి దగ్గర తుపాకీ ఉంటే?"

"ఉండొచ్చు. నాకూ భయంగానే ఉంది. కానీ ప్రమాదమా కాదా అన్నది తేల్చేది నేను, వాడు కాదు." నాకేసి తిరిగి అడిగారు. "నవంబరులో మీ గుమ్మం ముందు దీపాలుండేవి. ఈసారి ఏవి?"

"లోపల పెట్టుకున్నాం."

"ఎవరైనా తీసెయ్యమన్నారా?"

"లేదు."

"అయితే వాళ్ళ పని నువ్వే చేసిపెట్టావు."

నాకు ఒళ్ళు మండింది. లేచి వెళ్ళిపోదామనుకునేలోపు హెడ్‌లైట్లు గది నిండా పడ్డాయి. హారన్ మొదలైంది. నా చెయ్యి కిటికీ మూసే బ్లైండ్స్ తాడు మీదికి పోయింది.

"తాడు వదులు, రావ్. కూర్చో. ఇంకా పదిహేను నిమిషాలుంది."

వదిలేశాను. కూర్చున్నాను. నా ముఖం, నా రంగు, నా బట్టతల అన్నీ వీధికి కనబడుతున్నాయి. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, నాకేసి గానీ ట్రక్కుకేసి గానీ చూడకుండా, ఆ మూడు మంటలనే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ట్రక్కు పోయింది. ఒప్పుకుంటున్నాను, నేను వీధిలోకి దిగలేదు, ఎవణ్ణీ తరమలేదు. వాడికే విసుగు పుట్టి పోయాడు.

ఆ తర్వాత కూడా వచ్చాడు. చివరి సాయంత్రం, ఎనిమిదీ వెలిగిన రోజున, రాలేదు. మర్నాడు మంచు ఎత్తుతూ "గెలిచాం కదా" అన్నాను. "వాడికి జలుబు చేసి ఉంటుంది" అన్నారు ఎస్తేర్ గారు.

ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. మా కార్తీక దీపాలు ఇప్పుడు గుమ్మం బయటే ఉంటాయి. మిషిగన్ గాలికి ఆరిపోతే మళ్ళీ వెలిగిస్తాను, లోపలికి మాత్రం తేను. షాపులో ఫోన్ మాట్లాడుతూ నా గొంతు దానంతటదే తగ్గిందనుకోండి, తగ్గించమన్నది ఎవరు అని నన్ను నేనే అడుగుతాను. అప్పుడు గొంతు ఎంత పెరుగుతుందంటే పక్కవాళ్ళు బండి తోసుకుంటూ వేరే వరసలోకి పోతారు. ఇదంతా ఆవిడ పక్కన ఆ కిటికీలో నేర్చుకున్నదే. ఎనిమిది సాయంత్రాలూ కూర్చున్నానని రాద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే మూడు.

ఇంతవరకూ రాసి జానకికి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, చివరిదాకా చదివి, కాగితం నా ముందు పెట్టింది.

"మూడు కాదు, ఒక్కటి. మర్నాటి నుంచీ మీకు నడుం నొప్పి. మిగిలిన ఐదు రోజులూ ఆవిడ పక్కన కూర్చున్నది నేను. పట్టుచీర కట్టుకుని, ఇంత బొట్టు పెట్టుకుని, వాడికి బాగా కనబడేట్టు. అది రాయండి."